మ.రా.రా.శ్రీ 0.3048 గారికి ఒక విన్నపం

మహారాజరాజశ్రీ 0.3048 గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి నాలుగు దశాంశ స్థానాలూ క్షేమమని తలుస్తాను.

అడుగుల్ని మీటర్లు చెయ్యాలంటే తమరితో గుణించాలని బడిపిల్లలకు కూడా తెలుసు. తమరి జాతకమే ఎవరికీ పట్టదు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా ఒక మాటకొచ్చి గజం అంటే కచ్చితంగా 0.9144 మీటరని ఖాయం చేసుకున్నాయి. అందులో మూడోవంతు తమరు. అంతకు మూడేళ్ల ముందే, 1956లో, మా పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసి మెట్రిక్ పద్ధతికి పట్టం కట్టింది. అంటే మా దేశంలో అడుగు పోస్టు రద్దయిన మూడేళ్లకు తమరికి నియామక పత్రం అందింది. మా ప్రభుత్వాల్లో ఇదేం వింత కాదు లెండి. ఆ రద్దయిన పోస్టులోనే తమరు ఇప్పటికీ చడీచప్పుడు లేకుండా డ్యూటీ చేస్తున్నారే, అదీ వింత.

పోలవరం సంగతి చూడండి. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లా, 41.15తో సరిపెడతారా అని ఏళ్ల తరబడి టీవీ చర్చల్లో గొంతులు చించుకుంటున్నారు. నలభై ఐదు పాయింట్ ఏడు రెండు అని పలికేటప్పుడు ఆ నాయకుల మొహాల్లో ఎంత గాంభీర్యమో! ఆ ఏడు రెండు ఎక్కణ్ణించి వచ్చిందయ్యా, 46 అంటే పోయేదేమిటి అని అడిగినవాళ్లు మాత్రం నాకు కనపడలేదు. ఎవరో మహా ఇంజనీరు గోదావరిలో దిగి సెంటీమీటర్లతో సహా తేల్చాడని జనం అనుకుంటారు. ఏమీ లేదు. అది 150 అడుగులు. తమరితో గుణిస్తే 45.72 అయింది. ఆ 41.15 అంటే 135 అడుగులు. కృష్ణ మీద పులిచింతల 53.34 మీటర్లన్నారు, అది 175 అడుగులు. పంచె కట్టుకుని హాయిగా తిరిగే గుండ్రటి అంకెల్ని పట్టుకొచ్చి, సూటూ బూటూ తొడిగి, దశాంశాల టై కట్టి పంపారు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆలమట్టి. కృష్ణా జలాల మీద బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో ఇచ్చిన తీర్పులో ఆ డ్యాములో 524.256 మీటర్ల దాకా నీళ్లు నిలుపుకోవచ్చంది. పాయింట్ తర్వాత మూడు స్థానాలు! ఆఖరి ఆరు అంటే ఆరు మిల్లీమీటర్లు. కాస్త గాలి వీస్తే లేచే అల ముందు అదెంత? మూడు రాష్ట్రాలు తన్నుకునే చోట మిల్లీమీటర్ల నిజాయితీ అని కళ్లు చెమర్చబోయాయి. ఎందుకైనా మంచిదని తమరితో భాగించి చూశాను. 1720. సున్నాతో ముగిసే అడుగులు. (ఇప్పుడు అక్కడ నిలుపుతున్న 519.6 మాత్రం తమ వంశం కాదు. భాగిస్తే 1704.7 చిల్లర వస్తోంది. ఒరిజినల్ మీటరే అనుకుంటాను.)

తమరి ప్రమేయం లేకుండా మీటర్లలోనే ఆలోచించి పెట్టినట్టు కనపడే అంకె మేడిగడ్డ బ్యారేజీ పూర్తి నీటిమట్టానిది: సరిగ్గా 100. దాని పిల్లర్లు 2023లో కుంగాయి. ఆ నేరం ఎవరి మీద వేసినా తమరి మీద వెయ్యడానికి వీల్లేదు.

శ్రీశైలం, సాగర్ల దగ్గర ఈ వేషాలు లేవు. 885 అడుగులు, 590 అడుగులు, అంతే. శ్రీశైలం నిండుకుండలా ఉందని రాయాల్సిన రోజున 269.748 మీటర్లని అచ్చేస్తే గేట్లు చూడ్డానికి ఎవరైనా బండి తీస్తారా? భద్రాచలంలోనూ అంతే. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 దాటిందంటే ఊళ్లో వాళ్లకు ఏ వీధి మునిగిందో చెప్పక్కర్లేదు. వరదొచ్చిన రాత్రి ఎవరూ తమరి కోసం కబురు పెట్టరు. అలా ఉండడమే న్యాయం కూడా.

పోలీసు ఉద్యోగాల్లో తమరి చేతివాటం ఇంకోరకం. మగవాళ్ల ఎత్తు 167.6 సెంటీమీటర్లకు తగ్గకూడదంటారు. ఐదడుగుల ఆరంగుళాలకు అసలు వచ్చేది 167.64. ఛాతీ 86.3 అంటారు, అది 34 అంగుళాలు. ఆడవాళ్లకు 152.5 అంటారు. ఐదడుగులకు కచ్చితంగా వచ్చేది 152.4. మగవాడికి అర మిల్లీమీటరు కన్నా తక్కువే అయినా తగ్గింపు, ఆడపిల్లకు మిల్లీమీటరు వడ్డింపు. చిల్లర సర్దుబాటులో కూడా ఇంత లోకజ్ఞానం చూపించిన గుమాస్తా ఎవరో గానీ, వాడి పేరు చరిత్రకెక్కలేదు.

విగ్రహాల విషయంలో తమరు దూరంగానే ఉండండి. 125వ జయంతి జ్ఞాపకంగా తలపెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని హైదరాబాదులో 125 అడుగులు కట్టారు. తమరు చెయ్యి పెడితే 38.1 అవుతుంది. ఖైరతాబాద్ గణపతికి 2024లో డెబ్భై ఏళ్లని 70 అడుగులు చేశారు. ఆయన్ని 21.336 మీటర్లంటే భక్తి అంతా కాలిక్యులేటర్ పాలవుతుంది.

విమానం ఎక్కినప్పుడు మాత్రం తమరి మీద జాలేస్తుంది. శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. చక్రాలు నేల వదలగానే లెక్క అడుగుల్లోకి మారిపోయి పైలట్ 35,000 అడుగుల ఎత్తని మైకులో చెబుతాడు. నేల మీద ఒకరు, నింగిలో ఇంకొకరు ఏలుకుంటున్నారు, మధ్యలో తమర్ని పలకరించే నాథుడు లేడు.

ఇంతకీ నా విన్నపం. తమర్ని రాజీనామా చెయ్యమనడం లేదు. చేసిన పని కింద సంతకం పెట్టమంటున్నాను. 45.72 అని రాసిన చోటల్లా పక్కన బ్రాకెట్లో 150 అడుగులని ఉంటే ఆ అంకెకు ఇన్ని కొమ్ములు మొలిచేవి కావు. రెండోది, ‘సుమారు’ అనే మాట ఉన్న వాక్యంలోకి తమరు అన్ని స్థానాలతో దిగకండి. సుమారు వంద అడుగుల లోయలో పడ్డ లారీ మర్నాటి పేపర్లో సుమారు 30.48 మీటర్ల లోయలో తేలుతోంది. లారీ డ్రైవరు టేపు పట్టుకుని పడలేదు కదా. సుమారు 30 చాలు. మూడోది చిన్నది: పెళ్లి సంబంధాల్లో ఐదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాణ్ణి 5.8 అని రాస్తారు. దాన్ని తమరు నమ్మి గుణించారో, పిల్లాడు కూర్చున్నచోటే ఒకటిన్నర అంగుళం పైగా పెరుగుతాడు. వాళ్లమ్మ సంతోషిస్తుంది గానీ పెళ్లిచూపుల్లో దొరికిపోతాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
స్కేలును రెండు వైపులా చదివే తమ విధేయుడు

తా.క.: చదరపు అడుగుల దగ్గరికి ఒక్కరే వెళ్లకండి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటును తమరితో ఒక్కసారి గుణించి 304.8 చదరపు మీటర్లని మురిసిపోయేవాళ్లున్నారు. అక్కడ తమరు రెండుసార్లు హాజరు వేయించుకోవాలి. అప్పుడు తేలేది 92.9. అంత చిన్న అంకె చూపిస్తే బేరం తెగదనే కాబోలు, బ్రోచర్లలో పెద్దక్షరాలు ఎప్పుడూ అడుగులవే. అవి కూడా మెట్లు, లిఫ్టు, కారిడారు కలిపేసిన అడుగులు. మంచం పట్టే అడుగులు అందులో ఎన్నో తేల్చే గుణకం తమ బంధువర్గంలో ఎవరైనా ఉంటే దయచేసి అడ్రసు పంపగలరు.