సవరణ: ఆ వేలెన్స్ ఎలక్ట్రాన్ల చిట్కా అన్ని మూలకాలకూ పనికిరాదు

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో, ఏ మూలకానికైనా గ్రూపు నంబరులో (అంటే ఆవర్తన పట్టికలో అది ఉన్న నిలువు వరుస నంబరులో) చివరి అంకె చూస్తే చాలు, వేలెన్స్ ఎలక్ట్రాన్లు, అంటే మామూలుగా పరమాణువు బయటి పొరలో ఉండి బంధాల్లో పాల్గొనేవి, ఎన్నో తెలిసిపోతుందని రాశాను. ఆ "ఏ మూలకానికైనా" అన్నది తప్పు. తొందరలో రాసేశాను, పొరపాటు నాదే.

మారతహళ్లిలో మా పై ఫ్లాట్ పాప అది చూసి నోట్‌బుక్‌లో 18వ గ్రూపు హీలియం పక్కన 8 వేసుకుంది. కాసేపటికి తనే కిందికొచ్చి, "అంకుల్, హీలియంలో మొత్తం ఉన్నవే రెండు కదా, ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అంది. ఏం చెప్పను!

పదకొండో తరగతి కెమిస్ట్రీ పుస్తకం మళ్లీ తిరగేశాను. ఈ చిట్కా 1, 2 గ్రూపులకూ, 13 నుంచి 18 దాకా ఉన్నవాటికీ మాత్రమే. సోడియం 1వ గ్రూపు, ఒకటి. ఆక్సిజన్ 16, ఆరు. క్లోరిన్ 17, ఏడు. 18లో నియాన్, ఆర్గాన్‌లకు ఎనిమిది సరే కానీ హీలియంకి రెండే.

అసలు చిక్కు 3 నుంచి 12 వరకు ఉన్న లోహాలతో. నికెల్ 10వ గ్రూపు, నా లెక్కన సున్నా రావాలి! వీటిలో చాలావాటికి బయటి ఎస్ ఎలక్ట్రాన్లతో పాటు లోపలి డి ఎలక్ట్రాన్లు కూడా బంధాల్లో పాల్గొంటాయి (ఎస్, డి అనేవి పొరల్లోని ఉపస్థాయిల పేర్లు, వాటి ముందుండే అంకె పొర నంబరు). మాంగనీసుకి 3డిలో అయిదు, 4ఎస్‌లో రెండు. ఆ ఏడూ కలుస్తాయి కాబట్టే పర్మాంగనేట్‌లో దాని ఆక్సీకరణ స్థితి (ఎన్ని ఎలక్ట్రాన్లు వదులుకున్నట్టు లెక్కో ఆ సంఖ్య) +7. జింకులో డి నిండిపోయి ఉంటుంది, అందుకే రెండే లెక్క. ఈ లోహాలకు ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఎక్కడ ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, రాసి చూసుకోవాల్సిందే.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. స్క్రీన్‌షాట్ దాచుకున్నవాళ్లు దాన్ని తీసేయండి.