పెళ్లిభోజనాల వృథాను తూకం వేయాలి

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఆహార వృథాపై హితబోధలూ వస్తాయి. ‘అన్నం పరబ్రహ్మ స్వరూపం’ అన్న బోర్డు భోజనాల హాలు గోడకు వేలాడుతూనే ఉంటుంది, దాని కిందనున్న టబ్బులో సగం తుంచిన రుమాలీ రోటీలు, వేలు పెట్టని బొబ్బట్లు పేరుకుపోతూనే ఉంటాయి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనిదే. మన దేశంలో ఇళ్లలోని వృథా తలకు ఏడాదికి 55 కిలోలని అంచనా. ఇది చిన్న లెక్కేమీ కాదు. అయినా ఇంట్లో లెక్క చూసేవారంటూ ఒకరుంటారు. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్నే పోపు పెట్టే మనిషే పెళ్లిలో నిండు విస్తరి మడిచి లేచిపోతున్నారంటే, మారింది ఆ మనిషి గుణం కాదు, డబ్బు లెక్క.

ఆ లెక్క చూడండి. అయిదు వందల ప్లేట్లకు మినిమం గ్యారంటీ ఒప్పుకున్నాక నాలుగు వందల మందే వచ్చినా పెళ్లివారు మొత్తం చెల్లించాల్సిందే కనుక, మిగలకుండా చూడాలన్న తపన వారికి ఉండదు, తన డబ్బు తనకు ముట్టాక క్యాటరర్‌కూ ఉండదు. మళ్లీ వరుసలో నిలబడే ఓపిక లేని అతిథి బఫేలో అన్నీ ఒకేసారి ప్లేటుకెక్కిస్తాడు, బంతిలోనైతే వద్దని చేయి అడ్డం పెట్టేలోపే గరిటె బోర్లిస్తారు. చివరికి ఆ టబ్బులను ఊరందరి పన్నుల సొమ్ముతో మున్సిపాలిటీ బండి మోసుకుపోతుంది.

మిగిలింది అనాథాశ్రమాలకు ఇస్తున్నాం కదా, అతిథికి లోటు చేస్తే పరువేం కావాలి అని కొందరంటారు. గిన్నెలో మిగిలినది ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. విస్తట్లో మిగిలినది ఎవరికిస్తారు?

దక్షిణ కొరియా 2005లో ఆహార వ్యర్థాలను నేలలో పూడ్చడాన్ని నిషేధించింది, 2013 నుంచి పారేసిన మేరకు రుసుము వసూలు చేస్తోంది. అక్కడి చాలా అపార్ట్‌మెంట్లలో చెత్తడబ్బాయే తూకం వేసి ఆ ఇంటి ఖాతాలో రాస్తుంది. ఇంటింటికీ ఇంతని వేసిన చెత్త పన్ను ఆంధ్రప్రదేశ్‌లో ఎంత చేదైందో, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎందుకు ఎత్తివేయాల్సి వచ్చిందో తెలిసిందే. పారేసినవారికీ పారేయనివారికీ ఒకే రుసుమైతే ఒప్పుకునేదెవరు? తూకం ప్రకారం, అదీ ఫంక్షన్ హాళ్లతో మొదలుపెడితే, ఆ అభ్యంతరం నిలవదు.

అసలు జబ్బు వంటల్లో లేదు, ‘ఎన్ని ఐటమ్స్ పెట్టారు’ అన్న ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్నకు జడిసే ఆడపిల్ల తండ్రి అప్పు చేసి మరీ చాట్ కౌంటర్, రెండో స్వీటు, మూడో బిర్యానీ పెట్టిస్తున్నాడు. అయిదు లక్షలు దాటిన పెళ్లి ఖర్చులో పదో వంతు పేద అమ్మాయిల పెళ్లిళ్లకు ఇవ్వాలంటూ ఎంపీ రంజీత్ రంజన్ తెచ్చిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. అంత దూరం పోనక్కర్లేదు. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వేసేవారిని భారీ ఉత్పత్తిదారులుగా 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే గుర్తించాయి. తడిచెత్త తూకం రసీదు ఉంటేనే ఫంక్షన్ హాలు లైసెన్సు పునరుద్ధరిస్తామని, ఆ తూకం మేరకు పడిన రుసుమును పెళ్లివారి బిల్లులో విడిగా చూపాలని మున్సిపాలిటీలు షరతు పెడితే, మెనూ రాసుకునే రోజునే బేరం మొదలవుతుంది.