చిత్తూరు పిన్ కోడ్‌తోనే చూడండి
2, 3, 5, 9 దాటితే పెద్ద సంఖ్య దేనితో భాగమవుతుందో క్యాలిక్యులేటర్ లేకుండా చెప్పలేమని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మా చిత్తూరు పిన్ కోడ్ 517001 తీసుకోండి. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి కూడితే 517 + 001 = 518, అంటే 37 × 14. కాబట్టి మొత్తం సంఖ్య కూడా 37తో నిశ్శేషంగా పోతుంది. 1000 అంటే 999 + 1, ఆ 999లో 37 సరిగ్గా 27 సార్లు ఉండటమే కారణం, పన్నెండు అంకెల సంఖ్యకైనా ఇంతే. కూడే బదులు తీసేస్తే 516. అది 7, 11, 13 వేటితోనూ పోదు, కనుక 517001 కూడా పోదు (1000 అంటే 1001 − 1, ఆ 1001 = 7 × 11 × 13 కదా). మొన్న ఎనిమిదో తరగతి చదివే మా పాపకు కరెంటు బిల్లు వెనకాల ఇది చేసి చూపిస్తే, తనే పెన్ను లాక్కుని, 517001ని 37తో భాగిస్తే వచ్చే 13973ని 89 × 157గా విడగొట్టింది. దానికి మాత్రం అరగంట పట్టింది.