కిస్తీ బండే కట్టుకుంటుందా?

బెంగళూరులో మన తెలుగు బండ్లవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. చివరికి మదనపల్లె నుంచి మా పిన్నమ్మ కొడుకు కూడా పంపించి, "ఏమంటావన్నా, బండి తీసేసుకుందామా?" అని అడిగాడు. మెసేజ్ సారాంశం ఇది: "పెద్ద పికప్ తీసుకోండి. లీటరుకు 17 కిలోమీటర్లు. వడ్డీ 7 శాతమే. ముందు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. 8 లక్షల లోనుకు నెలకు 18 వేలు, అయిదేళ్లు. రెండు ట్రిప్పుల లోడు ఒకే ట్రిప్పులో. జీఎస్టీ తగ్గింది, తరుగుదల కింద ఏటా 30 శాతం ప్రభుత్వమే వెనక్కి ఇస్తుంది. కిస్తీ బండే కట్టుకుంటుంది."

పైన ఫోర్డ్ ఎఫ్-250 బొమ్మ పెట్టారు. అది ఇక్కడ అమ్మే బండే కాదు. తమాషా ఏమిటంటే, అమెరికాలో మొత్తం బరువు 8,500 పౌండ్లు, అంటే మన లెక్కలో సుమారు 3,850 కిలోలు దాటిన పికప్‌లకు అద్దం మీద ప్రభుత్వ మైలేజీ చీటీ అంటించాలన్న నియమం లేదు. బొమ్మలోని బండికి సొంత దేశంలోనే అధికారిక మైలేజీ అంకె లేదన్నమాట.

ఇక మన 17 సంగతి. కంపెనీలు చెప్పే అంకె పరీక్షశాలలో రోలర్ల మీద వచ్చేది. పరీక్ష మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా లేదు. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్లు. ఎదురుగాలి లేదు, ఎత్తు లేదు, వెనక టమాటా ట్రేలు లేవు. అంకె అబద్ధం కాదు, బండికీ బండికీ పోల్చుకోవడానికి పనికొస్తుంది. దాంతో డీజిల్ ఖర్చు లెక్కేస్తేనే మోసపోతాం.

నా పద్ధతి పాతదే. ట్యాంకు అంచుదాకా నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మళ్లీ అదే బంకులో అంచుదాకా నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగిస్తాను. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న డైరీలో రాస్తాను. ఒకటిన్నర టన్ను టమాటాతో చింతామణి, హోస్కోటె మీదుగా బెంగళూరు కలాసిపాళ్యం మార్కెట్‌కు వస్తే నా బండి 11 ఇస్తుంది. ఖాళీగా తిరిగి వెళ్తే 14. పగటిపూట ఊళ్లోనే తిరిగే బాడుగైతే 9 దాటదు. ఒకరోజు టిన్ ఫ్యాక్టరీ కూడలి ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు నిలబడ్డాను. ఇంజిన్ ఆపితే వెనకవాడు హారన్, ఆపకపోతే నా డీజిల్. ఆ ట్యాంకుకు డైరీలో 8.4 అని ఉంది.

దీన్ని డబ్బుల్లో చూద్దాం. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక ప్రభుత్వం అమ్మకపు పన్ను పెంచాక ఇక్కడ లీటరు డీజిల్ 91 రూపాయల దగ్గరికి వచ్చింది. ఆ ధర మీదే లెక్కేస్తాను. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే, 17 చొప్పున ఖర్చు సుమారు 16,050. 11 చొప్పున 24,800. తేడా 8,750. కిస్తీలో దాదాపు సగం అక్కడే పోయింది.

వడ్డీ దగ్గర ఉంది అసలు చిక్కు. వాళ్లు చెప్పే 7 శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే నాలుగేళ్లు కట్టి బాకీ రెండు లక్షలకు దిగాక కూడా మొత్తం 8 లక్షల మీదే వడ్డీ వేస్తున్నారు. ఏడాదికి 56 వేలు, అయిదేళ్లకు 2,80,000. అసలుతో కలిపి 10,80,000. అరవైతో భాగిస్తే సరిగ్గా 18,000. కూడిక తప్పు కాదు. కానీ తగ్గే బాకీ మీద, అంటే రెడ్యూసింగ్ పద్ధతిలో చూస్తే ఇది 12న్నర శాతం వడ్డీ. బ్యాంకులో ఎవరైనా 11 శాతం అంటే మనవాళ్లు "అబ్బో ఎక్కువ" అని లేచి వచ్చేస్తారు, పక్క వీధిలో 7 అన్నవాడి దగ్గర సంతకం పెడతారు.

నా రెండో బండికి నేను చేసింది కూడా అదే. కాగితం మీద లోను 8 లక్షలు. ఫైలు ఖర్చు, అడగని ఇన్సూరెన్సు, ఇంకేవేవో కలిపి 25 వేలు కోసుకుని మిగతాదే ఇచ్చారు. కిస్తీ మాత్రం 8 లక్షలకే. ఆ కోతను కూడా కలిపి తర్వాత లెక్కేసుకుంటే దగ్గర దగ్గర 14 శాతం పడింది. రెండేళ్లకు ఒకేసారి తీర్చేద్దామని వెళ్లాను. అప్పటికి కట్టింది 4,32,000. సగం తీరి ఉంటుందనుకున్నా. తగ్గిన అసలు 2,62,000 మాత్రమే, ఇంకా 5,38,000 బాకీ ఉంది. కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని నా వైపు తిప్పి పెట్టి నీళ్ల బాటిల్ జరిపింది, అలవాటే అన్నట్టు.

ఇప్పుడు ఒక మేలు జరిగింది. 2024 అక్టోబర్ 1 తర్వాత ఇచ్చే ఇలాంటి లోన్లకు ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ శాతం ఉంటుంది. సంతకానికి ముందే అది అడగండి. "ఫ్లాటా, రెడ్యూసింగా?" అన్న ఒక్క ప్రశ్నకే చాలామంది సేల్స్ కుర్రాళ్లు మేనేజర్ వైపు చూస్తారు.

ముందు ఏమీ కట్టకపోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మనం పెట్టని డబ్బుకు కూడా అదే 12న్నర పడుతుంది. పైగా మొదటి రెండేళ్లలో బండి ధర బాకీ కంటే వేగంగా పడిపోతే, అమ్మినా అప్పు తీరదు.

రెండు ట్రిప్పుల లోడు ఒకే ట్రిప్పులో అన్నవాడు జరిమానా కట్టి ఉండడు. అధిక లోడుకు మోటారు వాహనాల చట్టంలో 20,000, పైన ఎక్కించిన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఆ సరుకు అక్కడే దింపించే ఖర్చూ మనదే. ఎండలో టమాటా దింపితే ఏమవుతుందో చెప్పాలా?

పన్నుల మాటలో ఒకటి నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. తరుగుదల, అంటే బండి పాతబడి ఏటా తగ్గే విలువ, ఆ మాట మాత్రం వక్రం. 30 శాతం బాడుగకు తిప్పే బండికే, సొంత సరుకుకు వాడుకుంటే 15. అది కూడా ఎవరూ చేతికివ్వరు, పన్ను వేసే ఆదాయంలోంచి తీసివేస్తారంతే. మనలో చాలామంది పన్ను లెక్కలో బండికి నెలకు 7,500 ఆదాయం అని చూపించే పద్ధతిలో ఉంటాం. అందులో తరుగుదల కలిసిపోయినట్టే లెక్క, మళ్లీ విడిగా అడగడానికి లేదు.

తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పి, డైరీ పేజీ ఫొటో తీసి పంపాను. కిస్తీ 18,000, డీజిల్ 24,800, డ్రైవర్ జీతం, టోలు, టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు అన్నీ ఒక కాగితం మీద రాసి, నెలకు ఎన్ని బాడుగలు గ్యారంటీగా దొరుకుతాయో పక్కన వేసుకోమన్నాను. సాయంత్రానికి తిరిగి ఫోన్ చేశాడు.

"అన్నా, టమాటా లేని నెలల్లో ఏం వెయ్యాల?"