నేర్చుకునేవాడికి తల ఎవరిస్తారు?

హనుమకొండలో నేను ఏళ్లుగా జుట్టు కత్తిరించుకునే షాపులో మూడు కుర్చీలున్నాయి. మొన్న వెళ్లేసరికి మూడో కుర్చీలో మనిషి లేడు, కుర్చీ చేతికి దారంతో కట్టిన బూర, అంటే బెలూన్, ఉంది. నర్సంపేట వైపు నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ బూరకు నురగ పట్టించి, సగం బ్లేడు బిగించిన కత్తితో మెల్లగా గీస్తున్నాడు. సగం గీశాడో లేదో టప్పున పగిలింది. నురగ అద్దం మీద పడింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లం నవ్వాం.

ఉస్తాదు తల తిప్పకుండానే అన్నాడు: "మూడోది. చెయ్యి బరువు పెట్టకు బిడ్డా, కత్తి బరువు చాలు."

"బూర పాతది మామా."

"వచ్చే గడ్డాలన్నీ కొత్తవేనా?"

ఆ కుర్రాడు చేరి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ వెంట్రుకలు ఊడ్చాడు, తువ్వాళ్లు ఉతికాడు, దువ్వెనలు కడిగాడు, టీలు తెచ్చాడు. చిన్నపిల్లల గుండ్లు నాలుగైదు చేశాడు. డబ్బిచ్చి కూర్చున్న పెద్దవాడి తల మీద కత్తెర పెట్టడం ఇంకా మొదలుకాలేదు. ఆలస్యం అతని మందబుద్ధి వల్ల కాదు, ఉస్తాదు పిసినారితనం వల్లా కాదు. తల దొరకలేదు, అంతే. ఈ వృత్తిలో శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు గంటలు లెక్కపెడతారు, పనిముట్ల పెట్టె ధర లెక్కపెడతారు. అన్నిటికన్నా కరువైన సరుకు తల అన్న సంగతి మాత్రం ఏ పథకంలోనూ కనబడదు.

పూర్వం ఈ చిక్కు లేదు. తండ్రి పొది (కత్తులు, కత్తెరలు పెట్టుకునే సంచి) పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంటే కొడుకు వెంట నడిచేవాడు. ముందు తమ్ముడి తల, తర్వాత పెదనాన్న కొడుకు తల, ఆ తర్వాత ఊళ్లో మాట పట్టించుకోని ముసలివాళ్ల తలలు. వంకరగా తెగినా వెంట్రుక నెలకు సెంటీమీటరుకు పైనే పెరుగుతుంది కాబట్టి పాపం త్వరగానే కడుక్కుపోయేది. దీని వెనక ఒక ఆర్థిక సూత్రం కూడా ఉంది. పంట కళ్లానికి వచ్చాక రైతు ఏడాది మొత్తానికీ గింజలు కొలిచేవాడు. తలకింత అని లెక్క లేదు కాబట్టి పిల్లవాడి చేతి తప్పును ఊరు కొంత భరించింది. ఇప్పుడు ప్రతి తలకూ అప్పటికప్పుడు డబ్బు. ఒక్క తల చెడితే ఒక గిరాకీ పోతుంది, అతను ఫోనులో పెట్టే ఫొటో చూసి ఇంకో నలుగురు పోతారు. ఉస్తాదు కత్తెర చేతికివ్వడానికి వెనకాడడంలో వింతేమీ లేదు.

ఆ పాత బడిని నేను వెనకేసుకు రావడం లేదు. అందులో చేరడానికి అర్హత పుట్టుక, మానడానికి అనుమతి లేదు. అదే ఇంటివాళ్లు సన్నాయి ఊదారు, డోలు వాయించారు, నాటువైద్యం చేశారు. ఆ ఇంటి ఆడవాళ్లు ఊరి పిల్లలందరికీ మంత్రసానులయ్యారు. ఇంత చేసినవాళ్లకు మన భాష ఇచ్చిన బహుమానం "పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడు" అన్న సామెత. పిల్లి తల గొరగడం ఎంత కష్టమో సామెత చెప్పినవాడు ఆలోచించినట్లు లేదు. నన్నడిగితే ఆ మంగలి పనిలేనివాడు కాదు, తల దొరక్క పిల్లి మీద సాధన చేస్తున్న శిష్యుడు.

బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధించారు. బడి అయ్యాక సొంత కుటుంబ వృత్తిలో చేయి సాయం చేయడానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే కులం దారి చట్టబద్ధంగా తెరిచే ఉంది. కానీ ఆ దారిలో నడిచే పిల్లలు తగ్గుతున్నారు. తండ్రి కుర్చీ దగ్గర నిలబడాల్సినవాడు కాలేజీలో కూర్చున్నాడు. మంచిదే. ఖాళీ అయిన చోటికి ఇతర కులాల కుర్రాళ్లూ, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి పని నేర్చుకునే వచ్చినవాళ్లూ వస్తున్నారు. వచ్చిన రోజే కుర్చీ పట్టి, వచ్చిన డబ్బులో సగం తీసుకునే పనివాడు దొరుకుతుంటే, ఏళ్లపాటు ఒకడిని కూర్చోబెట్టి నేర్పే యజమాని ఎవరు? నేర్పడం అనే పనికి కూలి లేదు. నేర్పినవాడికి చివరికి మిగిలేది, పక్క వీధిలో శిష్యుడు తెరిచిన కొత్త షాపు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, అంటే 40 గంటలు. కోరుకున్నవారికి మరో 15 రోజులు. రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, మొదటి విడత లక్ష రూపాయల రుణం, దాన్ని తీర్చాక రెండో విడతగా రెండు లక్షలు, వడ్డీ 5 శాతం. అయితే ఇది ఇప్పటికే ఆ వృత్తిలో స్వయంగా బతుకుతున్నవారి కోసం పెట్టింది, అదీ కుటుంబానికి ఒక్కరికే. బూర గీస్తున్న కుర్రాడు ఆ గడప తొక్కలేడు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇచ్చారు. షాపుకు ఊరటే, కానీ అది దీపానికి సాయం, చేతికి కాదు. ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ కోర్సు ఉంది, దాని మొగ్గు ఎక్కువగా బ్యూటీపార్లర్ వైపు.

అప్రెంటిస్ చట్టం సంగతి మరీ చిత్రం. నియమాల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉంటే ఇష్టం ఉంటేనే. నలుగురు కూడా లేని చోటు ఆ లెక్కలోకే రాదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో నడుచుకుంటూ వెళ్లి కుర్చీలు లెక్కపెట్టండి: రెండు, మూడు, ఒకటి, రెండు. ఈ పని నిజంగా నేర్పుతున్న బళ్లన్నీ చట్టం కంటికి ఆనని సైజులో ఉన్నాయి.

నలభై గంటల్లో రానిది ఏమిటని అడిగేవారుంటారు. ట్రిమ్మరుకు ఒకటో నంబరు బిగిస్తే మూడు మిల్లీమీటర్లు, రెండో నంబరుకు ఆరు. ఇది ఐదు నిమిషాల చదువు. ఒకటి నుంచి రెండుకు గీత కనబడకుండా చెవి మీదుగా ఎక్కించడం నెలల పని. గడ్డంలో వెంట్రుక వాలు చెంప మీద ఒక తీరు, గొంతు కింద ఇంకో తీరు. ఎడమచేత్తో చర్మం ఎంత లాగాలో వేళ్లకు తెలియాలి గానీ పుస్తకానికి తెలియదు. ఇక సుడి. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్లిళ్లంటారు. పెళ్లిళ్ల మాట ఎలా ఉన్నా కత్తెరకు మాత్రం రెట్టింపు పని. అక్కడ ఒక్క వేలు మందం ఎక్కువ తీస్తే మర్నాడు స్నానం చేశాక జుట్టు ముళ్లలా లేస్తుంది. తప్పు షాపులో కాదు, ఇంట్లో బయటపడుతుంది.

కుర్చీ దగ్గర రానిది, తరగతి గదిలోనే వచ్చేది కూడా ఒకటుంది. ఎయిడ్స్ ప్రచారం ఊరూరా సాగిన రోజుల నుంచి ప్రతి గడ్డానికీ కొత్త బ్లేడు విరవడం అలవాటైంది. చాలామంది బ్లేడును కాగితంలోంచి మన కళ్ల ముందే తీస్తారు. కానీ గీసిన తర్వాత రుద్దే పటిక ముక్క? పొద్దుటి నుంచి అందరి చెంపల మీదా తిరిగింది అదే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదని ఉస్తాదులకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తామర ట్రిమ్మరు పళ్ల మీదుగా ఒక మెడ నుంచి ఇంకో మెడకు పాకుతుందనీ చెప్పలేదు. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లి అక్కడి సెలూన్లలో చేసినవాళ్లకు హెల్త్ కార్డు లేనిదే కత్తెర పట్టనివ్వరన్న అనుభవం ఉంది. తిరిగొచ్చాక ఇక్కడ ఆ కార్డు అడిగేవాడు లేడు.

కాబట్టి కొత్త భవనాలు, కొత్త కేంద్రాలు అక్కర్లేదన్నది నా వాదన. షాపునే బడిగా గుర్తించాలి. జర్మనీలో ఈ పని నేర్చుకోవడం మూడేళ్ల వ్యవహారం: వారంలో ఎక్కువ రోజులు షాపులో జీతంతో పని, ఒకటి రెండు రోజులు బడి. మనకు బడి రోజు కోసం వెతుక్కోనక్కర్లేదు. మంగళవారం చాలా సెలూన్లు ఎలాగూ మూసే ఉంటాయి. చర్మరోగాలు, పరికరాల శుభ్రత, లెక్కలు ఆ రోజు చెప్పొచ్చు. మిగతా రోజులకు ఉస్తాదుకు నెలవారీ గౌరవ వేతనం ఇవ్వాలి. ఏడాదికోసారి పరీక్ష బొమ్మ తల మీద కాదు, మనిషి తల మీద పెట్టాలి.

మరి తలలు? వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో వైద్య విద్యార్థులు రోగుల మీదే నేర్చుకుంటారు. పక్కన పెద్ద డాక్టరు ఉంటాడన్న నమ్మకంతో ఎవరూ కాదనరు. కటింగ్ షాపులోనూ "నేర్చుకునే కుర్చీ" అని బోర్డు పెట్టి సగం ధర తీసుకుంటే హనుమకొండలాంటి చదువుల ఊళ్లో కుర్రాళ్లు వరుస కడతారు. వేములవాడ కల్యాణకట్ట, జాతర సమయంలో మేడారం జంపన్న వాగు ఒడ్డు బ్లేడు చేతికి మంచి సాధన, అయితే గుండు కత్తెర నేర్పదు. ప్రభుత్వ హాస్టళ్ల పిల్లలున్నారు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నాకు మనస్కరించలేదు. కాదనే వీలున్నవాడి తలే సాధనకు తగిన తల. హాస్టల్ పిల్లవాడు వార్డెన్ ముందు కాదనలేడు.

కుల సంఘాల అభ్యంతరాన్ని కూడా తేలిగ్గా తీసేయలేం. అవమానం మోసిన రోజుల్లో ఈ పనికి ఎవరూ రాలేదు, ఏసీ పెట్టి డబ్బు వస్తుందనగానే పెట్టుబడితో వచ్చారు అని నాయీబ్రాహ్మణులు అంటే అందులో అబద్ధమేముంది? వృత్తిని ఒకే కులానికి కట్టేయమనడం మాత్రం, ఆ కులపు పిల్లలను మళ్లీ దానికే కట్టేయడం అవుతుంది. తలుపు అందరికీ తెరవండి, కానీ నేర్పే హోదా, దాని జీతం ముందుగా ఇన్నాళ్లూ ఆ విద్యను మోసినవాళ్లకు దక్కాలి. ఏళ్ల అనుభవాన్ని అసలైన బోధనార్హతగా రాసిస్తే చాలావరకు ఆ చోట్లు వాళ్లవే అవుతాయి.

ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు మూడో కుర్చీలో కూర్చున్నాను. ఉస్తాదు నా వంక, కుర్రాడి వంక చూసి, తన కత్తెర పక్కన పెట్టి వచ్చి వెనక నిలబడ్డాడు. పావుగంటలో అయ్యే పని యాభై నిమిషాలు పట్టింది. బెంచీ మీద ఇద్దరు లేచి వెళ్లిపోయారు. "సుడి దగ్గర ఆపు" అని రెండుసార్లు, "దువ్వెన పడుకోబెట్టకు" అని నాలుగుసార్లు వినిపించింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కుడి చెంప మీది వెంట్రుకలు ఎడమ చెంపకన్నా కాస్త పైకున్నాయి.