‘ఆధార్ లాక్ చేస్తే చాలు’ అంటున్న ఫార్వర్డ్‌లో ఎంత నిజం?

“ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసేయండి. ఇక మీ పేరు మీద ఎవరూ లోన్ తీసుకోలేరు. ఓటీపీ చెప్పకపోతే రూపాయి పోదు. పోయినా 1930కి ఒక్క ఫోన్ కొడితే వెనక్కొస్తుంది.” వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది (1930 అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్). ఇందులో లాక్ చేయమన్న సలహా ఒక్కటే మంచిది. మిగతాది నమ్ముకుంటే మునుగుతారు.

ముందు ఓటీపీ సంగతి. ఊళ్లో బ్యాంక్ మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటారే, ఆ ఏఈపీఎస్‌కు (ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి) కావలసింది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ ఊసే ఉండదు. మన వేలిముద్ర మోసగాడికెలా దొరుకుతుందంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, వాటితో రబ్బరు ముద్రలు చేసి, సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ దొరికాడు.

బయోమెట్రిక్ లాక్ అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. ఆధార్ అధికారిక యాప్‌లో చేసుకోవచ్చు, ఆధార్‌కు మొబైల్ లింకై ఉంటే చాలు. కాకపోతే ఆ తర్వాత రేషన్ షాపులో మీ వేలిముద్ర కూడా పడదు. అప్పటికప్పుడు అన్‌లాక్ చేసుకుని పని కానివ్వండి, పది నిమిషాల్లో దానంతటదే మళ్లీ లాక్ అవుతుంది.

లోన్ దారి వేరు. పాన్ నంబరు, పుట్టినతేదీ, ఒక ఫొటోతో సరిపెట్టుకునే యాప్‌కు మీ వేలిముద్రతో పనేముంది? ఆధార్‌ను ఓటీపీతో సరిచూసినా ఈ లాక్ అడ్డు రాదు. ఆధార్ నంబరునే లాక్ చేసే సదుపాయం విడిగా ఉంది (ముందు ఆధార్ నంబరుకు బదులుగా వాడే 16 అంకెల వర్చువల్ ఐడీ తీసుకోకుండా దాని జోలికి వెళ్లకండి), అదీ పాన్‌ను కాపాడదు.

కాబట్టి క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న అప్పుల చిట్టా, చూసుకుంటూ ఉండాల్సిందే. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. అందరూ స్కోరు చూసి మూసేస్తారు. చూడాల్సింది కింద ఉండే ‘ఎంక్వైరీలు’. అక్కడ తెలియని సంస్థ కనిపిస్తే, మీ పేరు మీద ఎవరో లోన్ అడిగారని అర్థం. రిపోర్టులో యాప్ పేరు కాకుండా, వెనకున్న ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుందని గుర్తుంచుకోండి.

దొంగ లోన్ కనిపిస్తే బ్యూరోలో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి. ఆ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ రాసి లోన్ అగ్రిమెంటు, కేవైసీ కాపీ, డబ్బు జమ చేసిన బ్యాంకు ఖాతా వివరాలు అడగండి. ఆ ఖాతా మీది కాదని తేలడమే అన్నిటికన్నా గట్టి ఆధారం. బ్యూరోలో వేసిన డిస్ప్యూట్‌ను 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ‘కొంత కట్టేయండి, సెటిల్ చేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. కడితే అప్పు మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది, పైగా ‘సెటిల్డ్’ అన్న మచ్చ రిపోర్టులో మిగులుతుంది.

మీ పేరు మీద ఎవరైనా సిమ్ తీసుకున్నారేమో చూడటానికి టెలికం శాఖ సంచార్ సాథీ సైట్ ఉంది. మీ పేరు మీదున్న నంబర్లన్నీ చూపిస్తుంది, మీది కానిదాని పక్కన ‘నా నంబర్ కాదు’ నొక్కండి.

ఇక 1930. వెంటనే చేయాల్సిందే, అందులో తప్పేం లేదు. కానీ అది డబ్బు తిరిగిచ్చే నంబరు కాదు. డబ్బు ఏ ఖాతాకు చేరిందో అక్కడ ఆపించడానికి బ్యాంకులకు కబురు పెడుతుంది. ఈలోపు ఏటీఎంలో తీసేసుకుంటే ఆపడానికి ఏమీ ఉండదు.

పైగా 1930కి చెప్పాం కదా అని బ్యాంకును వదిలేయకూడదు. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసాన్ని మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే నష్టం మీ మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే ఖాతాను బట్టి కొంత మీరే భరించాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా మీరే భరించాలి. అందుకే బ్యాంకు ఇచ్చే ఫిర్యాదు నంబరు, తేదీ, టైము రాసి ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గర చూపించాల్సింది అదే.