అన్నీ 'లో'లో పెట్టేయడం ట్యూనింగ్ కాదు

పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళు కొత్త గేమ్ గురించి ఎవరినైనా అడిగితే వచ్చే జవాబులు రెండే. "సెట్టింగ్స్ అన్నీ లో (Low) పెట్టెయ్", లేదంటే "కార్డు మార్చెయ్". రెండూ నాకు నచ్చవు. మొదటిది కళ్ళకు ఇంపుగా ఉండే గేమ్‌ని అనవసరంగా పాడుచేస్తుంది. రెండోది, ఇంట్లో ల్యాప్‌టాప్ కొనివ్వడమే గొప్ప అనుకునే కుర్రాడికి చెప్పే మాట కాదు. అసలు ఆ మెషిన్‌లో ఏది ఊపిరాడక ఆగుతోందో చూడకుండా ఏ సలహా ఇచ్చినా అది గుడ్డి వైద్యమే.

సైబర్‌పంక్ 2077నే తీసుకుందాం. 2020 డిసెంబరులో వచ్చినా, 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్‌తో దాని అవసరాలు పెరిగాయి. ఇప్పుడు కనీసం అంటే జీటీఎక్స్ 1060 6జీబీ లేదా ఆర్‌ఎక్స్ 580 8జీబీ, 12 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. 1060 వచ్చింది 2016లో. మన దగ్గర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే జీటీఎక్స్ 1650 4జీబీ ఆ గీతకి ఇంకాస్త కింద ఉంటుంది. ఈ రెండు కార్డుల మీదా ఈ గేమ్ ఆడుకోవచ్చు, కాకపోతే పద్ధతి ఉండాలి.

సెట్టింగ్స్ జోలికి వెళ్ళే ముందు మెషిన్ పనితీరు కొలిచి చూపించే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ అనే ప్రోగ్రాములు వేసుకోండి. మానిటరింగ్ ట్యాబ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) యూసేజ్, జీపీయూ టెంపరేచర్, కోర్ క్లాక్, మెమరీ యూసేజ్, ఒక్కో సీపీయూ (ప్రాసెసర్) థ్రెడ్ యూసేజ్, ర్యామ్, ఫ్రేమ్‌రేట్, ఫ్రేమ్‌టైమ్ ఎంచుకుని, స్క్రీన్ మీద కనపడేలా టిక్ పెట్టండి. ఫ్రేమ్‌టైమ్‌ని, అంటే ఒక్కో ఫ్రేమ్ గీయడానికి పట్టే సమయాన్ని, మాత్రం అంకెగా వదిలేయకుండా గ్రాఫ్‌గా పెట్టుకోండి. సగటు 45 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అని చూపిస్తూనే గేమ్ జర్క్ కొడుతుంటే, ఆ సంగతి చెప్పేది ఆ గ్రాఫే.

ఇక చదవడం ఇలా. జీపీయూ యూసేజ్ 97 నుంచి 99 దాకా నిలకడగా ఉంటే భారం కార్డు మీదుంది, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గిస్తే ఫలితం ఉంటుంది. జీపీయూ 60, 70 దగ్గరే ఊగుతూ ఫ్రేమ్‌రేట్ పెరగకపోతే ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. అప్పుడు మొత్తం సీపీయూ 50 శాతమే చూపించి మోసం చేస్తుంది, థ్రెడ్లు విడివిడిగా చూస్తే ఒకటో రెండో వందకి తగులుతూ కనిపిస్తాయి. ఇంకా అనుమానం ఉంటే రెజల్యూషన్‌ని 720పీకి దించి చూడండి. ఫ్రేమ్‌రేట్ కదలకపోతే షాడోలు ఎన్ని తగ్గించినా ఉపయోగం లేదు. ఈ రెండు నిమిషాల పరీక్ష చేయకుండానే చాలామంది అన్నీ లో చేసేసి, "అయినా అంతే ఉంది" అని గేమ్‌ని తిడుతుంటారు.

ఇప్పుడు అందరూ తలకిందులుగా అర్థం చేసుకునే టెక్స్‌చర్ క్వాలిటీ, అంటే వస్తువుల మీద పరిచే బొమ్మల నాణ్యత. కార్డు మెమరీలో చోటు ఉన్నంతవరకు టెక్స్‌చర్‌ని హైలో పెట్టినా ఫ్రేమ్‌రేట్ దాదాపు తగ్గదు. చోటు దాటిందా, ఫ్రేమ్‌రేట్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. 1650 జీడీడీఆర్5 రకంలో కార్డు మెమరీ వేగం సెకనుకి 128 జీబీ. చోటు చాలక ఆ డేటా సిస్టమ్ ర్యామ్‌లోకి వెళ్తే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 x16 స్లాట్ గుండా రావాలి, అక్కడ వేగం సెకనుకి సుమారు 16 జీబీ. ఎనిమిదో వంతు! కారులో వేగంగా మలుపు తిరగ్గానే అర సెకను ఆగిపోయేది అందుకే. కాబట్టి 6జీబీ కార్డులో టెక్స్‌చర్ హై వాడుకోవచ్చు. 4జీబీలో మీడియం పెట్టి, ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ 3.6 జీబీ దాటకుండా చూసుకోండి, మిగతాది విండోస్‌కీ, వెనక తెరిచిన బ్రౌజర్‌కీ పోతుంది. బ్రౌజర్ మూసేస్తే అందులో కొంత తిరిగి వస్తుంది. ఈ గేమ్‌లో టెక్స్‌చర్ మార్పు మెయిన్ మెనూ నుంచే కుదురుతుంది, ఆట మధ్యలో కుదరదు. మార్చాక గేమ్ మూసి తెరిచి కొలవండి, లేకపోతే పాత డేటా మెమరీలో మిగిలి అంకె తప్పు చూపిస్తుంది. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ కూడా ఇంతే, 16కి పెట్టినా ఖర్చు నామమాత్రం. దాన్ని తగ్గిస్తే దూరంగా రోడ్డు అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, లాభం మాత్రం శూన్యం.

మరి కోయాల్సింది ఎక్కడ? అన్నిటికన్నా ముందు స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ క్వాలిటీ. గేమ్ జరిగే నైట్ సిటీలో వాన పడిన రాత్రి రోడ్డంతా నియాన్ ప్రతిబింబాలే కాబట్టి అక్కడ కార్డు బాగా నలుగుతుంది. సైకో లెవెల్ గురించి మాట్లాడుకోనక్కర్లేదు. లోలో పెడితే ప్రతిబింబాలు ఇసుక చల్లినట్టు గరుగ్గా మెరుస్తాయి, అప్‌స్కేలింగ్ (చిన్న సైజులో గీసి తెరకి సరిపడా పెద్దది చేయడం) తోడైతే ఆ గరుకు ఇంకా పెరుగుతుంది. నా మాటగా చెప్పాలంటే, 1650 మీద దీన్ని పూర్తిగా ఆఫ్ చేయడమే మేలు. 1060 మీద లో సరిపోతుంది, గరుకు భరించలేకపోతే అక్కడా ఆఫే.

తర్వాత వాల్యూమెట్రిక్ ఫాగ్ రెజల్యూషన్. సందుల్లో, క్లబ్బుల్లో, పొగ ఉన్న ప్రతిచోటా దీని భారం పడుతుంది. లో పెట్టండి, తేడా పెద్దగా తెలియదు. వాల్యూమెట్రిక్ క్లౌడ్స్ కూడా అన్నిటికన్నా తక్కువ స్థాయిలో, బ్యాడ్‌ల్యాండ్స్ ఎడారిలో ఆకాశం చూస్తూ తిరిగేవాళ్ళు మీడియం. యాంబియంట్ అక్లూజన్ లో చాలు, ఆఫ్ చేయకండి. అది పోతే బల్లలూ మనుషులూ నేలకి తాకకుండా తేలుతున్నట్టు ఉంటారు.

నీడల విషయంలో కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే షాడో అనే పేరుతో ఆరు వరుసలున్నాయి. క్యాస్కేడెడ్ షాడోస్ రెజల్యూషన్ ఎండ నీడల సన్నదనాన్ని నిర్ణయిస్తుంది, మీడియం పెట్టండి. క్యాస్కేడెడ్ షాడోస్ రేంజ్ మీడియం కన్నా తగ్గించొద్దు, తగ్గిస్తే నడుస్తుంటే ముందు నీడలు టపటపా పుట్టుకొస్తాయి, ఒకసారి కంటపడిందంటే ఆట మొత్తం అదే కనిపిస్తుంది. లోకల్ షాడో క్వాలిటీ అంటే వీధి దీపాలు, గదుల్లో లైట్ల నీడలు. లో చేయండి. లోకల్ షాడో మెష్ క్వాలిటీ మీడియం, డిస్టెంట్ షాడోస్ లో. కాంటాక్ట్ షాడోస్ చిన్న ఖర్చుకి మంచి ఫలితమిచ్చేవి, ముందు ఆన్‌లో ఉంచి చివర్లో ఇంకా రెండు ఫ్రేములు కావాలంటే తీసేయండి.

ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబెరేషన్, మోషన్ బ్లర్ ఆపడం ఫ్రేములకోసం కాదు, స్పష్టత కోసం. ఎలాగూ తక్కువ రెజల్యూషన్‌లో ఆడుతున్నాం, దాని మీద మసక కూడా ఎందుకు?

మార్పులు చేసేటప్పుడు ఒక్కటి మార్చండి, కొలవండి, తర్వాతదానికి వెళ్ళండి. గేమ్‌లోని బెంచ్‌మార్క్ పోల్చుకోవడానికి పనికొస్తుంది గానీ అసలు పరీక్ష కాదు. జపాన్‌టౌన్‌లో చెర్రీ బ్లాసమ్ మార్కెట్ దగ్గర ఒక సేవ్ పెట్టుకోండి, ఫాంటమ్ లిబర్టీ (విడిగా కొనే అదనపు భాగం) ఉంటే డాగ్‌టౌన్‌లో ఇంకోటి. అక్కడ నిలబడ్డ మెషిన్ మిగతా నగరంలో నిలబడుతుంది. కొత్త ప్రదేశంలో మొదటిసారి తిరిగినప్పుడు వచ్చే జర్క్‌లను లెక్కలోకి తీసుకోకండి, షేడర్లు (బొమ్మ ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుంటాయి. రెండో చుట్టు చూడండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజ్ 10 జీబీ చేసి ఉంచండి.

ఇంత చేశాకే రెజల్యూషన్. 1080పీ అంటే 20,73,600 పిక్సెళ్ళు, 720పీ అంటే 9,21,600. ఏఎండీ అప్‌స్కేలింగ్ పద్ధతి ఎఫ్‌ఎస్‌ఆర్‌లో క్వాలిటీ మోడ్ 1080పీ తెర మీద లోపల గీసేది సరిగ్గా 720పీలోనే, అంటే సగం కన్నా తక్కువ పని. పర్ఫార్మెన్స్ మోడ్ 540పీలో గీస్తుంది. 1080పీ తెర మీద దాన్ని వాడొద్దు, జుట్టు, కంచెలు, దూరపు కరెంటు తీగలు అన్నీ చెదిరిపోతాయి. 10, 16 సిరీస్ కార్డుల్లో ఏఐ లెక్కలు చేసే టెన్సర్ కోర్లు లేవు కాబట్టి ఎన్‌విడియా అప్‌స్కేలింగ్ డీఎల్‌ఎస్‌ఎస్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఇంటెల్ అప్‌స్కేలింగ్ ఎక్స్‌ఈఎస్‌ఎస్ మాత్రం ఈ కార్డుల మీద కూడా నడుస్తుంది, బొమ్మ నిలకడగా ఉంటుంది, కానీ ఎఫ్‌ఎస్‌ఆర్ కన్నా బరువు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎక్స్‌ఈఎస్‌ఎస్ 1.3 నుంచి మోడ్ల కొలతలు మారాయి. అందులో క్వాలిటీ అంటే బొమ్మని 1.7 రెట్లు పెంచడం, ఎఫ్‌ఎస్‌ఆర్‌లో క్వాలిటీ 1.5 రెట్లు. రెండింటినీ సమానంగా పోల్చాలంటే ఎక్స్‌ఈఎస్‌ఎస్‌లో అల్ట్రా క్వాలిటీ పెట్టాలి. పేరు చూసి పోల్చేసి "ఇది ఫాస్ట్, అది స్లో" అని తీర్పులు చెప్పేవాళ్ళు ఇది గమనించాలి.

ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కృత్రిమ ఫ్రేములు చొప్పించడం) గురించి గట్టిగానే చెప్తాను. దానికి ముందు నుంచే 60 దగ్గర్లో అసలు ఫ్రేములు ఉండాలి. 25 ఉన్నచోట ఆన్ చేస్తే అంకె 45 అవుతుంది, మౌస్ మాత్రం బురదలో కదిలినట్టుంటుంది. పైగా అది కార్డు మెమరీ కూడా తింటుంది. 4జీబీ కార్డుకి అసలుకే ఎసరు.

అందుకని 60 మీద మోజు వదిలి, నిలకడ మీద దృష్టి పెట్టండి. 28కీ 52కీ మధ్య ఊగే గేమ్ కన్నా కదలకుండా 40లో ఉండే గేమ్ చేతికి ఎంతో బాగుంటుంది. 60 ఎఫ్‌పీఎస్‌లో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 30లో 33.3, 40లో 25. అంటే సమయం లెక్కన 40 సరిగ్గా మధ్యలో ఉంది. రివాట్యూనర్‌లో లిమిట్ పెట్టండి. 120 హెర్ట్జ్ తెరకి 40, 144 హెర్ట్జ్ ల్యాప్‌టాప్‌కి 48, ఎందుకంటే 120ని, 144ని మూడుతో భాగిస్తే వచ్చేవి అవే. మామూలు 60 హెర్ట్జ్ తెర మీద 40 సరిగా పొసగదు. అక్కడ 30కి లాక్ చేయడం, లేదా నిజంగా 60 పట్టుకోగలిగితే 60.

ప్రాసెసర్ వైపే ఇబ్బంది అని తేలినవాళ్ళు క్రౌడ్ డెన్సిటీని లో చేయండి, ఈ గేమ్‌లో ప్రాసెసర్‌కి ఊరటనిచ్చే సెట్టింగ్‌లలో ముఖ్యమైనది అదే. తర్వాత టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ తెరిచి "స్లాట్స్ యూజ్డ్" చూడండి. 2లో 1 అని ఉంటే మీ ర్యామ్ సగం వేగంతో నడుస్తోంది. డీడీఆర్4 2666 ఒక్క స్టిక్ సెకనుకి 21.3 జీబీ ఇస్తుంది, రెండుంటే 42.6. రెండో 8 జీబీ స్టిక్ వేస్తే గేమ్ అడిగే 12 జీబీ కూడా దాటుతారు. వందల సెట్టింగ్స్ మార్చినా రాని నిలకడ దీంతో వస్తుంది, కార్డు ధరలో చిన్న భాగానికి.

ఇంక మన వేసవి. విజయవాడలో, రామగుండంలో మే నెలలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ మీద ఆడటం అంటే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. గది వేడి పది డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. పది నిమిషాలు బాగా ఆడి ఆ తర్వాత ఫ్రేములు పడిపోతున్నాయంటే కోర్ క్లాక్ చూడండి, 1600 ఉన్నది 1200కి దిగి ఉంటే అది సెట్టింగ్స్ తప్పు కాదు. ఫ్యాన్ల దుమ్ము తీయించడం, థర్మల్ పేస్ట్ మార్పించడం, వెనక వైపు రెండంగుళాలు ఎత్తి పెట్టడం మొదటి పనులు. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతం చేస్తే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో టర్బో (ప్రాసెసర్ తాత్కాలికంగా అందుకునే అదనపు వేగం) ఆగుతుంది. సీపీయూ, జీపీయూ ఒకే రాగి గొట్టాన్ని పంచుకునే మోడళ్ళలో ఆ చల్లదనం జీపీయూకి దక్కుతుంది. భారం ప్రాసెసర్ మీదే ఉన్నవాళ్ళు మాత్రం ఇది చేయకూడదు.

"లో-ఎండ్ పీసీ లాగ్ ఫిక్స్" అని జిప్ ఫైల్ ఇచ్చే వీడియోలంటే నాకు నిజంగా కోపం. అందులో ఏ ఫైల్ ఉందో తెలియకుండా అడ్మిన్ అనుమతి ఇచ్చి నడిపిస్తున్నారు పిల్లలు. ఆన్‌లైన్ గేములకైతే యాంటీ-చీట్ నిషేధం కూడా పడొచ్చు. గేమ్ బూస్టర్లు చేసేది వెనక ప్రోగ్రాములు మూయడమే, అది మీ చేత్తో చేసుకోవచ్చు. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) ఆపేయమనే సలహా అన్నిటికన్నా చెడ్డది, 8 జీబీ ర్యామ్ మెషిన్‌లో అది తీసేస్తే గేమ్ మధ్యలో మూసుకుపోతుంది. సిస్టమ్ మేనేజ్డ్‌గానే వదిలేయండి, ఎస్‌ఎస్‌డీలో 20 జీబీ ఖాళీ ఉంచండి.

గేములు తయారుచేసేవాళ్ళ మీదా నాకు ఫిర్యాదు ఉంది. గేర్స్ 5 2019లోనే ప్రతి సెట్టింగ్ పక్కన సీపీయూ, జీపీయూ, మెమరీ మీద దాని భారం ఎంతో చూపించింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్ కార్డు మెమరీ ఎంత నిండిందో గీతగా చూపిస్తాయి. ఇంతకాలం తర్వాత కూడా ఇది ప్రతి గేమ్‌లో లేకపోవడం నిర్లక్ష్యం. ఆ గీత ఒక్కటుంటే పైన నేను రాసినదాంట్లో సగం అవసరమే ఉండేది కాదు.

సెట్టింగ్స్‌తో తీరనివీ ఉన్నాయి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్‌కి హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (కాంతి కిరణాల లెక్కని కార్డు చిప్పే చేయడం) తప్పనిసరి, కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ కావాలి. డూమ్: ది డార్క్ ఏజెస్ కూడా అదే దారి. అలన్ వేక్ 2ని మెష్ షేడర్లు అనే కార్డు సదుపాయం మీద కట్టారు, 10 సిరీస్‌లో అవి లేవు, 1650లో ఉన్నాయి. 10 సిరీస్‌కి ఎన్‌విడియా గేమ్ రెడీ డ్రైవర్లు 2025 చివర్లో ఆగాయి, ఇక 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లే. కార్డు మార్చాల్సింది ఇలాంటి గేమ్ ఆడాలనుకున్నప్పుడు, ఫ్రేములు తక్కువని కాదు.

అప్పుడు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్‌లోనో, మీ ఊళ్ళోనో పాత కార్డు కొంటుంటే 8జీబీ మెమరీ, రే ట్రేసింగ్ ఉన్నదే చూడండి, 4జీబీ కార్డు ఎంత చౌకైనా వద్దు. డబ్బులిచ్చే ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ (GPU-Z) ప్రోగ్రాం తెరవండి. పాత చిప్ మీద బయోస్ మార్చి కొత్త పేరు పెట్టి అమ్మే కార్డుల్లో చాలావాటిని అది పేరు ముందు "ఫేక్" అని చూపించి పట్టిస్తుంది. ఆ తర్వాత ఏదైనా గేమ్ ఇరవై నిమిషాలు నడిపించమని అడగండి. ఒప్పుకోని షాపులో కొనకండి.